దేవుడి పటం, బాపు బొమ్మ

(మన సంఘం ఉగాది సమావేశంలో, నీటిపారుదల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి రిటైరైన మన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం. ప్రత్యేక సంచిక కోసం కొద్దిగా కుదించాము. – సంపాదక వర్గం)



డి.ఎ. బకాయిల గురించి ఏదైనా చల్లని కబురు చెబుతానేమోనని ముందు వరుసలో కూర్చున్నవారు నన్ను క్షమించాలి. ఆ సంగతి కార్యదర్శి గారు చూసుకుంటారు. నాకు అప్పగించిన విషయం బాపు గారు మన దేవుళ్ళను గీసిన తీరు. నేను చిత్రకారుణ్ణి కాను, శాస్త్రం చదివినవాణ్ణీ కాను. ముప్పై నాలుగేళ్ళు కాలువలకు, తూములకు, రెగ్యులేటర్లకు గీతలు గీసి పొట్టపోసుకున్నవాణ్ణి. గీత అంటే ఏమిటో కొంచెం తెలుసు. ఆ ఒక్క అర్హతతోనే ఇక్కడ నిలబడ్డాను.

ఈ విషయం ఇవ్వడానికి కారణం మీలో చాలామందికి తెలుసు. కీర్తిశేషులైన మన సభ్యులొకరి సతీమణి, తమ వారు ముప్పై ఏళ్ళకు పైగా ఇంట్లో గోడకు పెట్టుకున్న బాపు గారి శ్రీరామ పట్టాభిషేకాన్ని ఆయన జ్ఞాపకార్థం మన కొత్త హాలుకు ఇస్తామన్నారు. శ్రీరామనవమి పానకాల నాటికి గోడకు పెడితే బాగుంటుందని ఆవిడ కోరిక. కమిటీలో కొందరు పెద్దలు మాత్రం, "అది బొమ్మండీ, పటం కాదు" అన్నారు. ఆవిడకు ఏం జవాబు చెప్పాలో తేలక, ముందు ఈ సంగతేమిటో నాలుగు మాటలు చెప్పమని నన్ను పట్టుకున్నారు.

"బొమ్మేగాని పటం కాదు" అన్న మాటను తేలిగ్గా తీసెయ్యడానికి లేదు. మన భాషలో ఆ రెంటికీ భేదం ఉంది. దేవుడి పటం అంటాం, దేవుడి బొమ్మ అని పిల్లలకు చెప్పేటప్పుడే అంటాం. పటానికి బొట్టు పెడతాం, దండ వేస్తాం, అగరువత్తి గుచ్చుతాం. బొమ్మను చూసి ముచ్చటపడతాం. బాపు గారు వేసింది శ్రీరామచంద్రుణ్ణే అయినా జనం దాన్ని "బాపు బొమ్మ" అన్నారు తప్ప "బాపు పటం" అన్నవారు నాకు తారసపడలేదు. జనం నోట పుట్టిన మాటకు ఏదో కారణం ఉంటుంది. ఆ కారణం వెదకడమే ఈ పూట నా పని.

ముందుగా పటం సంగతి. మన తాతల నాటినుంచి ఇంట్లో ఉన్న లక్ష్మి, సరస్వతి, పట్టాభిషేకం పటాలు సనాతనమైనవని మన నమ్మకం. వాటి వయస్సు చూద్దాం. కేరళలోని కిలిమానూరులో 1848లో పుట్టిన రాజా రవివర్మ, పాశ్చాత్యుల తైలవర్ణ పద్ధతి నేర్చుకుని మన పురాణపాత్రలకు కండ, ఛాయ, పట్టుచీర మడతలు, వెనుక చెట్టూ చెరువూ తెచ్చిపెట్టాడు. 1894లో బొంబాయిలో రాతి అచ్చు ముద్రణాలయం పెట్టాడు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి. ఒక రంగు అద్దిన కాగితాన్ని తెచ్చి, అంచులు వెంట్రుకవాసి తప్పకుండా, మరో రాయి మీద అద్దాలి. మా ఆఫీసులో ట్రేసింగుల మీద ట్రేసింగు పరిచి సరిచూసే పని చేసినవాణ్ణి గనుక ఆ శ్రమ ఎంతో ఊహించగలను. అలా అచ్చయిన లక్ష్మీదేవి అణాల ఖరీదులో సామాన్యుడి ఇంటికి వచ్చింది. అంతకు ముందు ఇంట్లో కలశమో, సాలగ్రామమో, ఇత్తడి విగ్రహమో, కలిగినవారైతే తంజావూరు పలక చిత్రమో ఉండేవి. రవివర్మ తర్వాత కోవిల్‌పట్టిలో కొండయ్య రాజు, ఆయన శిష్యులు, శివకాశి అచ్చు యంత్రాలు కలిసి ఆ దేవుళ్ళనే బుగ్గలు నింపి, ఆభరణాలు పెంచి, కిరాణా కొట్టు క్యాలెండర్ల మీద ఊరూరికీ పంపారు. అంటే, మనం పాతది అనుకుంటున్న పటం కూడా ఒకనాడు ఒక చిత్రకారుడు చేసిన కొత్త పనే. నూటముప్పై ఏళ్ళ మాట.

అంతకన్నా పాతవి మన ఎదుటే ఉన్నాయి. భద్రాచలం వెళ్ళనివారు ఈ హాల్లో ఉండరు. అక్కడ మూలవిరాట్టు ఎలా ఉంటాడు? నాలుగు చేతుల రాముడు, శంఖచక్రాలు ధరించి, సీతమ్మను ఎడమ తొడ మీద కూర్చోబెట్టుకుని ఉంటాడు. ఏ క్యాలెండరులో ఉన్నాడండీ ఆ రాముడు? ఒంటిమిట్టలో ఒకే శిలలో సీతారామలక్ష్మణులు. గర్భగుడిలో ఆంజనేయస్వామి ఉండడు. ఆంజనేయుడు లేని పట్టాభిషేకం పటం అచ్చువేస్తే మనవాళ్ళు కొంటారా? తెలుగువాళ్ళ రెండు గొప్ప రామాలయాల్లోని రాముడే మన గోడమీది రాముడిలా లేడు. ఇక వినాయకచవితినాడు పసుపు ముద్ద చేసి తమలపాకు మీద పెట్టి గణపతి అంటాం. దానికి తొండం ఏది, కన్ను ఏది అని ఎవరూ అడగరు. ఆ కాసేపు ఆయనే స్వామి. కాబట్టి పోలిక కుదరలేదనే అభ్యంతరం నాకు బలమైనదిగా తోచదు.

మరి అసలు భేదం ఎక్కడుంది? నాకు తోచినది చెబుతాను. కళ్ళలో ఉంది.

పటంలోని దేవుడు మనకేసి సూటిగా చూస్తాడు. రెండు కళ్ళూ మన మీదే. గదిలో ఏ మూల నిలబడ్డా మనల్నే చూస్తున్నట్టుంటుంది. దర్శనం అంటే మనం ఆయన్ను చూడటమే కాదు, ఆయన కంట మనం పడటం కూడా. అందుకే విగ్రహం ప్రతిష్ఠకు ముందు నేత్రోన్మీలనం అని వేరే తంతే ఉంది. శిల్పి అన్నీ చెక్కి కళ్ళను ఆఖరుకు ఉంచుతాడు. 2024 జనవరి 22న అయోధ్యలో ప్రతిష్ఠ జరిగిన బాలరాముణ్ణి మైసూరు శిల్పి అరుణ్ యోగిరాజ్ చెక్కినప్పుడు, బంగారు ఉలి, వెండి సుత్తితో కళ్ళు దిద్దిన సంగతి పత్రికల్లో చదివాం. యాభై ఒక్క అంగుళాల నల్లరాతి విగ్రహంలో జనం మొదట చెప్పుకున్నదీ ఆ కళ్ళ గురించే. (మనకూ ఇప్పుడు లైఫ్ సర్టిఫికెట్టుకు ఫోను ముందు నిలబెట్టి, సూటిగా చూడండి, రెప్ప ఆడించండి అంటున్నారు. బతికి ఉన్నట్టు రుజువు కళ్ళే కాబోలు.)

బాపు గారి దేవుళ్ళు ఎక్కువ బొమ్మల్లో మనల్ని చూడరు. ఎదురుగా చూసేవి ఆయనా కొన్ని వేశారు, కాదనను. కాని ఆయన చేయి హాయిగా ఆడిన చోటల్లా రాముడు సీతను చూస్తుంటాడు, సీత నేల చూస్తుంటుంది, లక్ష్మణుడు అన్నను చూస్తుంటాడు, ఆంజనేయుడు ఆ పాదాల్ని చూస్తుంటాడు. వాళ్ళ లోకంలో వాళ్ళున్నారు. తలుపు ఓరగా తీసి ఉంటే మనం తొంగి చూశాం, అంతే. కొత్త పెళ్ళికూతురు పక్కన కూర్చున్న పెళ్ళికొడుకు, అన్న మాటకు ఎదురుచెప్పని తమ్ముడు, ఇంట్లో మనిషైపోయిన నౌకరు, ఇవన్నీ మనం ఎరిగిన ముఖాలే. ఆ బొమ్మ ముందు చేతులు జోడించాలని వెంటనే తోచదు. ఏం జరుగుతోందక్కడ అని అడగాలనిపిస్తుంది. పటం దండం పెట్టించుకుంటుంది, బొమ్మ కథ చెప్పించుకుంటుంది. జనం దాన్ని బొమ్మ అన్నది ఇందుకే అని నా ఊహ.

ఇది బాపు గారు కొత్తగా కనిపెట్టినదీ కాదు. లేపాక్షి వీరభద్రాలయంలో తల పైకెత్తి, మెడ నొప్పి పుట్టేదాకా చూసినవారికి తెలుసు. విజయనగర రాజుల కాలం నాటి ఆ కప్పు మీది బొమ్మలు చాలావరకు పక్కకు తిరిగి ఉంటాయి. కోటేరులాంటి ముక్కు, చెవిదాకా సాగిన కన్ను, చీర కుచ్చెళ్ళ కొసలు బాణం మొనల్లా. అందరూ కథలో మునిగి ఉంటారు. తోలుబొమ్మలూ అంతే. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో ఇప్పటికీ మేకతోలు మీద ఆ పని చేస్తున్నారు. ఆ ఊరి కళాకారులు దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. తెరమీద రాముడు రావణుడితో మాట్లాడాలంటే అటు తిరగక తప్పదు గదా! శ్రీకాళహస్తి కలంకారీలో బొమ్మల వెంబడే తెలుగు అక్షరాలు కూడా నడుస్తాయి. బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్ళలో నానబెట్టి, చింతబొగ్గుతో గీసుకుని, ఇనుము, బెల్లం కలిపి పులియబెట్టిన నల్లరంగుతో వెదురు కలం పట్టి గీత తేలుస్తారు. రవివర్మ వెలుగునీడల మాటున పడిపోయిన ఈ గీత రాముణ్ణి బాపు గారు మళ్ళీ మన ఇంటికి తెచ్చారు. తెచ్చింది గుడి కప్పు మీదకు కాదు, శుక్రవారం వచ్చే వారపత్రికలోకి.

ఇక ఆయన జీవితం. సత్తిరాజు లక్ష్మీనారాయణ అంటే ఎవరికీ తెలియదు, బాపు అంటే తెలియనివారు లేరు. 1933 డిసెంబరు 15న నరసాపురంలో పుట్టారు. మద్రాసులో చదివి 1955లో లా పట్టా పుచ్చుకుని, నల్లకోటు తొడగకుండా ఆంధ్రపత్రికలో కార్టూన్లు వేశారు. 2014 ఆగస్టు 31న చెన్నైలో కన్నుమూశారు. పద్మశ్రీ 2013లో వచ్చింది, అదీ తమిళనాడు జాబితాలో. దాని మీద అప్పట్లో మనవాళ్ళు పడిన బాధ మీకు గుర్తుండే ఉంటుంది. ఇవన్నీ అందరూ ఎరిగినవే. నేను చెప్పదలచినది ఆయన గీత గురించి.

ఆ రోజుల్లో వారపత్రిక చవక కాగితం మీద అచ్చయ్యేది. వెలుగునీడల చిత్రం వేస్తే హాఫ్‌టోన్ బ్లాకు చుక్కలు అలుక్కుపోయి, సీతమ్మ ముఖం మీద మసి పూసినట్టయ్యేది. గీతబొమ్మకు ఆ బాధ లేదు. జింకు పలక మీద లైన్ బ్లాకు చేయిస్తే ఎంత నాసి కాగితమైనా గీత గీతలాగే దిగుతుంది. అచ్చుయంత్రం పేదరికమే మన దేవుళ్ళకు ఆ సన్నని ఒంపు ఇచ్చిందని నా అభిప్రాయం. కాని అందరికీ అదే యంత్రం, అదే కాగితం. అందరూ బాపులు కాలేదు.

మేము ట్రేసింగ్ క్లాత్ మీద ఇండియన్ ఇంకుతో, రూలింగ్ పెన్నుతో గీసేవాళ్ళం. మరమేకు బిగించి గీత మందం ముందే ఖాయం చేసుకోవాలి. మొదలునుంచి చివరిదాకా ఒకే లావు ఉండాలి. లావు మారితే ఇంజనీరు గారు షీటు వెనక్కు పంపేవారు. బాపు గారి కుంచెగీత దీనికి సరిగ్గా వ్యతిరేకం. వెంట్రుకంత సన్నగా మొదలై, భుజం దగ్గర కాస్త ఒళ్ళు చేసి, మోచేతి దగ్గర మళ్ళీ సన్నబడి, వేలి కొసన మాయమవుతుంది. ఆ లావు మారడంలోనే బరువుంది, ఒంపుంది, ఊపిరుంది. ఛాయలు వెయ్యకుండానే చేయి గుండ్రంగా కనిపిస్తుంది. నేను ఆఫీసు అయ్యాక ఆయన ఆంజనేయుడి తోక ఒక్కటి కాపీ చెయ్యబోయి ఎన్ని కాగితాలు చించానో లెక్కలేదు. తోక చూస్తే ఒకే గీత. గీసిచూస్తే అందులో ఎన్నో నిర్ణయాలు. తప్పుపోతే మాకు బ్లేడుతో గీకి దిద్దుకునే వెసులుబాటుండేది, ఆ గీతకు అదీ లేదు.

ఆ గీతకు మాట ఇచ్చినవారు ముళ్ళపూడి వెంకటరమణ గారు. ఇద్దరినీ విడదీసి చెప్పడం కష్టం. రమణ గారి భాగవత కథలు చదివితే కృష్ణుడు మన వీధి చివర ఇంట్లో పిల్లవాడిలా ఉంటాడు. బాపు గారు ఆ పిల్లవాణ్ణే వేశారు. సినిమాల్లోనూ అదే ధోరణి. 1976లో వచ్చిన సీతాకల్యాణం లండన్ చిత్రోత్సవం దాకా వెళ్ళింది. అందులో గంగావతరణం రవికాంత్ నగాయిచ్ గారి కెమెరా పనితనంతో ఇప్పటికీ చూడదగ్గది. 2011లో వచ్చిన శ్రీరామరాజ్యం వాళ్ళిద్దరి ఆఖరి సినిమా. ఆ ఫిబ్రవరిలోనే రమణ గారు పోయారు, సినిమా నవంబరులో విడుదలైంది. రాముణ్ణి ఒంటరివాణ్ణి చేసే ఉత్తరకాండ కథ చివరికి బాపు గారి పాలబడింది.

అభ్యంతరాలూ లేకపోలేదు, అవీ చెప్పుకోవాలి. బాపు గారి సీత, బాపు గారి గోపిక, బాపు గారి పక్కింటి అమ్మాయి, ముగ్గురూ అక్కచెల్లెళ్ళలా ఉంటారన్నది నిజమే. "బాపు బొమ్మలా ఉంది" అని పెళ్ళిచూపుల్లో అనే మాట లక్ష్మీదేవికి కూడా వర్తించడం కొందరు పెద్దలకు రుచించదు. నా మట్టుకు నేను దాన్ని తిరగేసి చూస్తాను. ఆయన దేవతకు అమ్మాయి ముఖం పెట్టారో, అమ్మాయికి దేవత ముఖం పెట్టారో ఎవరు తేలుస్తారు? నాకు బొత్తిగా నచ్చనిది మరొకటుంది. ఆయన పద్ధతి చూసి వేసిన నకళ్ళు. శుభలేఖల మీద, ఫ్లెక్సీల మీద, స్వీటు డబ్బాల మీద పొడుగు కళ్ళు, పొడుగు జడ, లావు మారని చచ్చిన గీత. జానెడు బొమ్మను పందిరంత పెంచి ఫ్లెక్సీ చేస్తే గీతకు ఊపిరి ఆడదు.

ఇప్పుడు తెల్లారి లేస్తే ఫోనుల్లో శుభోదయం దేవుళ్ళు వస్తున్నారు. రాముడికి పహిల్వాన్ కండలు, ఆకాశంలో ఉరుములు. కంప్యూటరు తనంతట తాను తయారుచేసిన బొమ్మల్లో స్వామికి ఆరో వేలు కూడా మొలుస్తోంది. కార్ల వెనక అద్దాల మీద కనుబొమలు ముడిచిన ఆంజనేయుణ్ణి చూస్తూనే ఉన్నారు. అది కాసరగోడు ప్రాంతపు యువ చిత్రకారుడు కరణ్ ఆచార్య 2015లో వేసినది. గీతలో బలం ఉంది, కాదనను. అది కూడా సంప్రదాయాన్ని తిరిగి ఊహించడమే. కాని మా మనవడు దాన్ని చూసి, "తాతయ్యా, హనుమంతుడికి ఎప్పుడూ కోపమేనా?" అని అడిగాడు. బాపు గారి ఆంజనేయుణ్ణి తీసి చూపించాను. అంత దేహం ఎలా ఒదిగి కూర్చుందో, ఆ ముఖంలో ఎంత తృప్తి ఉందో వాడే చెప్పాడు, నేను చెప్పనక్కరలేకపోయింది. తర్వాత ఆ తృప్తి ఎందుకో చెప్పమన్నాడు. ఆ రాత్రి సుందరకాండలో సగం చెప్పాల్సి వచ్చింది.

కాబట్టి కమిటీ వారికి నా మనవి ఇది. నవమినాడు పీట మీద పెట్టి అర్చన చెయ్యడానికి మనకు ఎప్పుడూ ఉన్న పటం ఉండనే ఉంది, దాన్ని కదపవద్దు. అమ్మగారు ఇస్తున్న బొమ్మను మూలగదిలోకి కాక, మనమంతా కూర్చునే ఈ పెద్ద గోడకు పెట్టండి. పట్టాభిషేకం అంటే అదీ ఒక నిండు సభే. వచ్చినవారిలో వానరులున్నారు, మునులున్నారు, పద్నాలుగేళ్ళు ఎదురుచూసిన ముసలివాళ్ళూ ఉండే ఉంటారు. బొమ్మలోని వారంతా రాముణ్ణి చూస్తుంటే మనం వెనక వరుసలో నిలబడి చూస్తాం. మన సంఘంలో అందరికీ అలవాటైన వరుసే అది. ఒక్క జాగ్రత్త. పడమటి కిటికీ ఎండ నేరుగా పడే చోట పెట్టకండి, అచ్చురంగులు ఎండకు వెలిసిపోతాయి. అద్దానికీ కాగితానికీ మధ్య అట్ట అంచు పెట్టించండి. లేకపోతే వానాకాలంలో కాగితం అద్దానికి అంటుకుని, విడదీసేటప్పుడు బొమ్మ ఊడివస్తుంది. ఫ్రేము ఖర్చు నాది.

చివరగా కుటుంబ సభ్యులకు ఒక విన్నపం. మా తరం వాళ్ళు పోయాక అటకలు ఖాళీ చేస్తున్నారు. అందులో పాత ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, జ్యోతి సంచికలు, ఉగాది, దీపావళి ప్రత్యేక సంచికలు ఉంటాయి. చెదలు పట్టాయనో, ఫ్లాటులో చోటు లేదనో కిలోల లెక్కన పాత పేపర్లవాడికి వేసేస్తున్నారు. వెయ్యడానికి ముందు ఒకసారి పేజీలు తిరగేయండి. బాపు గారి దేవుళ్ళు ఎవరైనా కనిపిస్తే, పిన్నులు తీసి, మడత పెట్టకుండా, రెండు అట్టల మధ్య పెట్టి మన ఆఫీసులో ఇవ్వండి. మంగళ, శుక్రవారాలు సాయంత్రం నాలుగు నుంచి ఆరు దాకా నేను అక్కడే ఉంటాను. రాలేనివారు కబురు చేస్తే ఇంటికే వచ్చి పట్టుకెళతాను.